సోమేశ్వరరావు మోకాలి కథ

అబద్ధమైతే నోరు జారి ఆడేశాడు గానీ, దాన్ని రోజూ కుంటుతూ మోయాల్సి వస్తుందని సోమేశ్వరరావు అస్సలు అనుకోలేదు.

అసలు సంగతి ఏమిటంటే ఆయనకు ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్. తొందరగా బయటపడింది కాబట్టి రేడియేషన్‌తో తగ్గిపోతుందన్నారు. చిక్కల్లా ఏమిటంటే, ఆ గ్రంథి వెనకే మలాశయం అతుక్కున్నట్టు ఉంటుంది, ముందున్నదానికి కిరణాలు పెడితే వెనకున్నదానికీ సెగ తగులుతుంది. అందుకని హైటెక్ సిటీలో డాక్టరమ్మ ఆ రెంటి మధ్యా కాస్త జెల్ ఎక్కించి సెంటీమీటరు ఎడం చేసింది. చికిత్స అయ్యేదాకా అక్కడే ఉండి, ఆర్నెల్లలో దానంతటదే కరిగిపోతుందట. ఎంత ముచ్చటైన ఏర్పాటో చూడండి. మత్తిచ్చి చేశారు, సాయంత్రానికల్లా ఇంటికొచ్చేశాడు. కానీ ఆ సూది గుచ్చిన చోటు నలుగురిలో చెప్పుకునే చోటు కాదు.

ఖాజాగూడ చెరువు గట్టు మీద వాకింగ్‌లో మొగిలి ఆయన్ని పట్టుకున్నాడు. మొగిలి ఆ ఊరివాడే, సోమేశ్వరరావు ఉంటున్న బిల్డింగుకు ఓనరు.

"ఏంది సారూ, కనబడ్తనే లేవు. దవాఖానకు పోయొచ్చినవంట?"

"మోకాలండీ. జెల్ ఇంజెక్షన్ చేశారు."

గట్టు మీద ప్రతి రెండో మోకాలికీ ఆ ఇంజెక్షన్ అయినదే, ఎవరూ అనుమానపడలేదు. అప్పట్నుంచీ కుంటడం మొదలైంది.

"నిన్న ఎడమ కాలు, ఇవాళ కుడి కాలు. ఏదో ఒకటి ఖాయం చేసుకోండి బాబూ," అంది భార్య రత్నమాల. "నిజం చెప్పేస్తే ఏం పోతుందండీ?"

"పరువు పోతుంది."

కిరణాలు ఎక్కడ పడాలో కొలతలు తీసే స్కానింగ్ రోజు రానే వచ్చింది. మలాశయం ఖాళీగా ఉండాలి, మూత్రాశయం నిండుగా ఉండాలి. పదింటికి రమ్మన్నారు. ఇవాళ తప్పితే మళ్లీ వచ్చే వారమే, లోపలి జెల్ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. సోమేశ్వరరావు బాటిలెడు నీళ్లు గటగటా తాగేసి గేటు దగ్గర ఆటో కోసం చూస్తుంటే మొగిలి కారు వచ్చి ఆగింది.

"కాలు బాగలేనోనివి ఆటో ఎక్కుతవా? కూసో, నేను దింపుత."

కూర్చున్నాడు. కారు మెయిన్ రోడ్డు ఎక్కాల్సింది పోయి ఒక గల్లీలోకి తిరిగింది.

"ఇటెక్కడికండీ?"

"ఎముకల కట్టు లింగమూర్తి కాడికి. మా అక్క బుచ్చమ్మ చెయ్యి ఇరిగితే గాయన్నే కట్టిండు. గా జెల్లు గిల్లు నమ్మకు."

"నాకు పదింటికి ఆస్పత్రిలో..."

"ఐదు నిమిషాల పని సారూ, ఫికర్ జెయ్యకు."

షాపు నిండా వెదురు బద్దలు, పసరు వాసన. బల్ల మీద ముగ్గురు పేషెంట్లు. సారు కాలు బాగలేదన్న మొగిలి మాట విని వాళ్లంతా జరిగి మరీ చోటిచ్చారు.

"ఏ కాలు సార్?" అన్నాడు లింగమూర్తి.

సోమేశ్వరరావు రెండు కాళ్ల వంకా చూశాడు. రెండూ శుభ్రంగా ఉన్నాయి.

"ఇదండీ."

"పొద్దుగాల గా కాలు గదా కుంటినవ్," అన్నాడు మొగిలి.

లింగమూర్తి ఏ కాలైతేనేం అన్నట్టు ఒకటి పట్టుకుని పొట్ట దాకా మడిచి నొక్కాడు. తాగిన నీళ్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "కట్టు కడితే పదిహేను రోజులు కాలు కదపొద్దు," అంటూ బద్దలు తీశాడు.

"మొగిలి గారూ, నాది మోకాలు కాదండీ."

"మరేంది?"

"కొంచెం పైన."

"తొడనా?"

"ఇంకొంచెం పైన."

లింగమూర్తి నడుం మీద చెయ్యేశాడు.

"అంత పైన కాదు బాబూ, దిగండి." ఇంక ఆగలేక ఒక్క గుక్కలో చెప్పేశాడు. "ప్రోస్టేట్ క్యాన్సరండీ. దానికీ మలాశయానికీ మధ్య జెల్ పెట్టారు, పదింటికి స్కానింగ్, నిండా నీళ్లు తాగున్నాను, ఇంకొక్కసారి నొక్కారంటే షాపు కడుక్కోవాలి."

లింగమూర్తి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"క్యాన్సరా," అన్నాడు మొగిలి. "నాకు జెప్పనీకె ఏమైంది? కిరాయి పెంచుతననుకున్నవా?"

"సిగ్గేసిందండీ."

"తగ్గుతదా?"

"తగ్గుతుందన్నారు."

"గట్లయితే లే. నడువ్."

ఆ తర్వాత మొగిలి కారు నడిపిన తీరు చూడాలి. స్పీడ్ బ్రేకర్ వస్తే చీమలా ఎక్కి చీమలా దిగాడు. వెనక ఐటీ జనమంతా హారన్ కొడుతుంటే అద్దం దించి, "లోపల నిండుకుండ ఉన్నది, జర ఆగుండ్రి," అని నచ్చజెప్పాడు. ఎలాగో పదింటికి చేరారు. స్కానింగ్ అయ్యాక, ఎడం బాగా వచ్చింది, కొలతలు కుదిరాయి, వచ్చే వారం మొదలుపెడదాం అంది డాక్టరమ్మ.

బాత్రూం నుంచి సోమేశ్వరరావు మహారాజులా బయటికొచ్చేసరికి, హాల్లో నీళ్ల బాటిళ్లు పట్టుకున్న పెద్దమనుషుల మధ్య మొగిలి కొలువుదీరి ఉన్నాడు.

"సారూ, గీయన ఇంట్ల హెర్నియా అని చెప్పిండంట. గాయనకు నడుం నొప్పంట. అందరు నీ తీరే ఉన్నరు."

అంతలో ఫోన్ మోగింది. వాకింగ్ మిత్రుడు మధుసూదన్. మోకాలెలా ఉంది అని అడిగాడు.

సోమేశ్వరరావు మొగిలి వంక చూశాడు. మొగిలి కావాలనే గోడ మీది గడియారం చూస్తున్నాడు.

"మోకాలికేం లేదండీ. నాకు ప్రోస్టేట్ క్యాన్సర్. జెల్ పెట్టింది అక్కడే. ఎలా పెడతారంటే..." అంటూ మొదలుపెట్టి, సెంటీమీటరు ఎడంతో సహా మొత్తం చెప్పాడు. చెప్పేకొద్దీ గొంతు పెరిగింది. హెర్నియా ఆయన వింటూ వింటూ తన ఫోన్ తీసి, కాసేపు చేతిలో తిప్పి, ఇంటికి కలిపాడు.

"ఇగ రోజు నేనే తోల్కొస్త," అన్నాడు మొగిలి తిరుగుదారిలో. "నీళ్లు మాత్రం దవాఖానకు పోయినంకనే తాగు. సీటు కవర్లు కొత్తయి."