హాజరు బుక్కు

అమెరికా ప్రెసిడెంటు కోర్టులో ఓడిపోయిన సంగతి దబీర్‌పురాలో చాలామంది పట్టించుకోలేదు. దుర్గయ్య మాత్రం రెండుసార్లు చదివించుకుని విన్నాడు. 1974 జూలై నెలాఖరు. ముసురు పట్టిన పొద్దున, స్టేషను పక్కనున్న ఇరానీ హోటల్లో కూర్చుని కృష్ణప్రసాద్ ఇంగ్లీషు పేపరు చూసి తెలుగులో చెబుతున్నాడు. ఆయనది తెనాలి వైపు. సర్కారు ఆఫీసులో గుమాస్తా. దుర్గయ్య ఉండే గల్లీలోనే కిరాయికి ఉంటాడు.

“ఎనిమిది మంది జడ్జీలు, దుర్గయ్యా! ఒక్కరు కూడా అటూ ఇటూ కాలేదు. అందులో ముగ్గుర్ని ఆ కుర్చీల్లో కూర్చోబెట్టింది ఆయనే.”

“తను పెట్టినోళ్లే తన మీద తీర్పిచ్చిండ్రా?”

“ఇచ్చారు. ఆయన గదిలో మాట్లాడుకున్న మాటలన్నీ టేపుల మీద ఉన్నాయి. అవి ఆఫీసు రహస్యాలు, బయటికి ఇవ్వనన్నాడు. ఇచ్చి తీరాలన్నారు.”

గల్లా దగ్గరి నుంచి హోటలు యజమాని నవ్వాడు. “దేఖో! అమ్రీకా కా బాద్‌షా భీ ఫస్ గయా. తుమ్హారా ఫౌండ్రీ వాలా క్యా చీజ్ హై, దుర్గయ్యా?”

అమెరికా రాజే చిక్కుకున్నాక ఫౌండ్రీ వాడో లెక్కా అని ఆయన ధీమా. దుర్గయ్య నవ్వలేదు. “ఆఫీసు కాగితమని చెప్పినా ఇయ్యాలెనన్నరా సారూ? మళ్ళొకసారి సదువుండ్రి.”

దుర్గయ్య అడుగుతున్నదీ ఒక ఆఫీసు పుస్తకాన్నే.

మూసీ అవతల సర్కారు ఫౌండ్రీలో దుర్గయ్య ఇరవై రెండేళ్లుగా ఇనుము పోతపోసే పని చేస్తున్నాడు. అక్కడ బదిలీ పని కొత్తేమీ కాదు. ఒంట్లో బాగా లేనివాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళను కొడుక్కో తమ్ముడికో ఇచ్చి పంపుతాడు. గేటు దగ్గర బిళ్ళ చూపిస్తే లోపలికి వదులుతారు. మేస్త్రీకి తెలుసు, పై వాళ్లకూ తెలుసు. పని ఆగదు కాబట్టి ఎవరూ కాదనరు. జనవరిలో దుర్గయ్యకు జ్వరం వచ్చి లేవలేకపోయాడు. బిళ్ళ తీసి కొడుకు విశ్వేశ్వర్ చేతికిచ్చాడు. పైలం, జాగ్రత్త అని కూడా అనలేదు. అంతకుముందు ఎన్నిసార్లు పంపలేదు! ఆ మధ్యాహ్నం క్రేను గొలుసు తెగింది.

ఫౌండ్రీ వాళ్లు కాగితం రాశారు. పనివాడు కాని ఒక మనిషి ఎవరినో కలవడానికి అనుమతి లేకుండా లోపలికి వచ్చి, తన నిర్లక్ష్యం వల్ల చనిపోయాడని. విశ్వేశ్వర్‌కు ఇరవై ఆరేళ్లు. భార్య నీలమ్మ, మూడేళ్ల కూతురు. నష్టపరిహారం ఇప్పించమని దుర్గయ్య కోర్టులో కేసు వేశాడు.

ఆ పొద్దున టైమ్‌కీపర్ వైకుంఠం విశ్వేశ్వర్ ముఖంలోకి చూసి, “బాపుకు ఎట్లున్నదిరా?” అని అడిగి మరీ హాజరు రాసుకున్నాడు. వెనక నిలబడ్డ నలుగురు విన్నారు. ఆ మాట కోర్టులో చెప్పమంటే నలుగురూ తలలు వంచుకున్నారు. వాళ్ల పిల్లలూ బదిలీకి వెళ్తున్నారు మరి. ఇక మిగిలింది ఆ హాజరు బుక్కు ఒక్కటే. దుర్గయ్యకు చదువు రాదు. చూసిన మనిషినే కదా బుక్కులో రాసేది అనుకున్నాడు. ఆ బుక్కు అడిగితే, ఆఫీసు రికార్డు బయటికి ఇవ్వం అన్నారు.

“వాళ్లకు మేలు చేసే పుస్తకమైతే దాస్తారా?” అన్నాడు కృష్ణప్రసాద్ పేపరు మడుస్తూ. “దాచారంటేనే అందులో వాళ్లకు కీడు ఉందన్నమాట. రేపే వకీలుతో చెప్పి అర్జీ వేయించు.”

అర్జీ పడింది. పురానాపూల్ దగ్గరుండే వకీలు అమెరికా సంగతి విని, “గదంత మనకెందుకు? బుక్కు తెప్పియ్యమనే హక్కు మన చట్టంల ఎప్పటినుంచో ఉన్నది” అన్నాడు. దుర్గయ్యకు ఆ మాట ఎక్కలేదు. అక్కడ దారి దొరికింది కాబట్టే ఇక్కడా దొరుకుతుందని నమ్మాడు.

ఆగస్టులో అమెరికా ప్రెసిడెంటు గద్దె దిగాడు. ఆ వారమే ఫౌండ్రీ లేబర్ ఆఫీసరు దుర్గయ్యను పిలిపించాడు.

“కేసు వాపస్ తీసుకో దుర్గయ్యా. నీ కోడలికి క్యాంటీన్ల నౌకరి ఇప్పిస్తం.”

“మరి ఆ కాగితం మారుస్తరా సార్? దొంగలెక్క జొచ్చిండని రాసింది?”

“కాగితంతోని నీకేం పని? కడుపు చూసుకో.”

ఇంటికి వచ్చి చెబితే, చాటలో బియ్యం ఏరుతున్న నీలమ్మ తలెత్తింది. “తీసుకుందాం మామా. పిల్లను సాదాలె.”

“గంత పెద్దాయనే దిగిండు బిడ్డా. టేపుల మాటలు బయటపడ్డంక నాల్గు దినాలు గూడ ఆగలేకపాయె.”

“అమ్రికాతోని నాకేం పని? నాకు నౌకరితోని పని.”

“బుక్కుల వాని పేరు తేలితే నౌకరి హక్కుగ వస్తది. వాడు దొంగ గాదని గూడ తేలుతది. గట్ల అడుక్కున్నట్టు వద్దు.”

నీలమ్మ మళ్లీ బియ్యం ఏరడంలో పడింది. ఆమె మాట్లాడకపోవడాన్ని దుర్గయ్య ఒప్పుకోవడం అనుకున్నాడు. మర్నాడు వెళ్లి లేబర్ ఆఫీసరుతో వద్దన్నాడు. ఇరవై రోజులకు, బుక్కు తెచ్చి చూపించాలని కోర్టు ఫౌండ్రీని ఆదేశించింది. ఆ సాయంత్రం ఇరానీ హోటల్లో అందరికీ దుర్గయ్యే చాయ్ తాగించాడు. కొడుకు పోయాక ఆయన ముఖం తేటపడింది ఆ ఒక్కరోజే.

వాయిదా సెప్టెంబరు రెండో వారంలో. ఆ పొద్దున కృష్ణప్రసాద్ పేపరు మడిచి చంకలో పెట్టుకుని వచ్చాడు. విప్పలేదు.

“ఏమైంది సారూ అమ్రికాల?”

“మాఫీ చేశారు దుర్గయ్యా. కొత్త ప్రెసిడెంటు పాత ఆయన తప్పులన్నీ మాఫీ చేసేశాడు.”

“కోర్టుల నిలబెట్టకముందే?”

“ముందే.”

“చేసుకోనీ సారూ. టేపులైతే ఇప్పిచ్చిండ్రు గద. నాకు గూడ ఎవరికీ శిక్ష పడాలెనని లేదు. బుక్కు తెరిస్తే చాలు.”

కోర్టులో బుక్కు తెరిచారు. ఎర్ర గుడ్డ అట్ట, మూలలు నలిగి ఉన్నాయి. ఒక్క పేజీ కూడా చిరగలేదు, ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. ఫౌండ్రీ వకీలు అడిగితే బోనులోంచి వైకుంఠం ఆ తేదీ చదివాడు.

“నంబరు నూట పద్నాలుగు. దుర్గయ్య. హాజరు.”

జడ్జి కళ్లజోడు సరిచేసుకున్నాడు. “వచ్చిన మనిషిని చూసి రాస్తావా, బిళ్ళ చూసి రాస్తావా?”

“బిళ్ళ చూసి రాస్త సార్. ఒక నంబరుకు ఒకటే పేరుంటది. బదిలీకొచ్చినోళ్లను రాసేతందుకు బుక్కుల జాగా లేదు.” వైకుంఠం దుర్గయ్య వైపు చూడలేదు.

“ఆ నెల జీతం పట్టీ మీద వేలిముద్ర ఎవరిది?” అన్నాడు ఫౌండ్రీ వకీలు.

“దుర్గయ్యదే.”

“ఆ రోజు జీతం అందులో కలిసిందా?”

“కలిసింది.”

ఫిబ్రవరి మొదట్లో ఆ పట్టీ ముందుకు తోస్తే, ఎక్కడ పెట్టమంటే అక్కడ దుర్గయ్య బొటనవేలు పెట్టాడు. కొడుకు పోయి అప్పటికి పది రోజులు కూడా కాలేదు. ఏ రోజులు కలిపారో, ఏ రోజులు కోశారో ఆయన అడగలేదు. అడగాలని తోచలేదు.

విశ్వేశ్వర్ పనికి వచ్చినట్టు రుజువు లేదని కేసు కొట్టేశారు. బయట వరండాలో వకీలు నల్లకోటు విప్పుతూ, “నీ పేరే రాసుంటరని నేను గూడ ఊహించలే. ముందే అడగాల్సుండె” అన్నాడు. కోటు చేతి మీద వేసుకుని, “బిళ్ళ ఇంకొకరికి ఇచ్చినందుకు ఇగ నీ నౌకరికి నోటీసొస్తది. తయారుగుండు” అని మెట్లు దిగిపోయాడు.

నీలమ్మ పిల్లను ఒళ్లో పెట్టుకుని స్తంభం పక్కన కూర్చుని ఉంది. ఆడవాళ్లు లోపలికి ఎందుకని దుర్గయ్యే ఆమెను బయట కూర్చోబెట్టాడు. ఆయన వచ్చి పక్కన కూలబడ్డాడు.

“బుక్కు తెచ్చిండ్రా మామా?”

“తెచ్చిండ్రు బిడ్డా.”

“పేరున్నదా?”

“నా పేరున్నది.”

నీలమ్మకు వెంటనే అర్థం కాలేదు. “అంటే బుక్కుల ఆ దినం పనికి పోయింది నువ్వా?”

“నేనే.”

“మరి ఆయన?”

“యాడా లేడు.”

కృష్ణప్రసాద్ ఆఫీసుకు పూట సెలవు పెట్టి వచ్చాడు. ఆయన దగ్గరికి వచ్చి, “పై కోర్టు ఉంది దుర్గయ్యా. అక్కడ ఇంకా...” అన్నాడు.

“సారూ,” అంది నీలమ్మ. “క్యాంటీన్ల నౌకరి ఇంకా ఉన్నదో లేదో జర అడిగి చెప్తరా?”

లేబర్ ఆఫీసరు వరండా చివర జీపు కోసం చూస్తున్నాడు. కృష్ణప్రసాద్ ఆయన దగ్గరికి వెళ్లాడు. రెండు మాటలు కూడా కాలేదు. ఆఫీసరు తల అడ్డంగా ఊపి, రుమాలుతో మెడ తుడుచుకుని జీపెక్కాడు. జీపు గేటు దాటినా కృష్ణప్రసాద్ వాళ్ల దగ్గరికి తిరిగి రాలేకపోయాడు. అక్కడే నిలబడి ఖాళీ రోడ్డు వైపు చూస్తున్నాడు.

నీలమ్మ అంతా చూసింది. పిల్లను భుజాన వేసుకుని లేచి, కొంగు సరిచేసుకుంది.

“పా మామా, పోదాం” అంది.

దుర్గయ్య లేవలేదు. ఆమె కొంచెంసేపు ఆయన కోసం ఆగింది. తర్వాత ఒక్కతే మెట్లు దిగింది.