రుమాలు ఒకరికి, పార ఒకరికి

తెల్లవారేసరికి బయ్యన్న సగం గోదా తవ్వేసి ఉన్నాడు. పారతో మట్టి తిరగేయడం, పెళ్ళలను మడమతో చిదమడం, చేత్తో తడిమి రాయో ముల్లో దొరికితే గోడ అవతలికి విసరడం. గార్లదిన్నెకు దగ్గర్లో ఉన్న ఆ ఊరి గరిడీలో కుస్తీ పట్టేవాళ్ళు ఎందరు మారినా మట్టి తవ్వే మనిషి మాత్రం మారలేదు. మట్టి గట్టిగా ఉంటే కిందపడినవాడి వీపు చెక్కుకుపోతుంది. పడేసినవాడికి ఆ బాధ ఏం తెలుస్తుంది? రోజూ పడేవాడు బయ్యన్నే గనక మట్టిని అంత ఒద్దికగా చూసుకునేవాడు.

మంచి ఏళ్ళలో ఆ మట్టికి మజ్జిగ పోసేవాళ్ళు. నువ్వులనూనె, పసుపు, నలిపిన వేపాకు కలిపేవాళ్ళు. గరిడీ తలుపు తీస్తే పెళ్ళింటి వాసన వచ్చేది. వరసగా వానలు మొహం చాటేయడంతో ఇప్పుడు మజ్జిగ మనుషులకే కరువైంది. భార్య చౌడమ్మ వంకలో చెలమ తోడి తెచ్చిన కడవ నీళ్ళే ఆ మట్టికి గతి.

ఆమె కడవ దించి, నడుం పట్టుకుని నిలబడింది. "మనుషులు గొంతు తడుపుకునేకి లేవు. మన్నుకు నీళ్ళు పోస్తాండావు."

"ఈపొద్దు కొత్తమావాస్య గదా. జనం వస్తారు."

"వస్తారులే. నీ చేతికి పార ఇచ్చి నవ్వేకి."

చౌడమ్మ అన్నదాంట్లో అబద్ధం లేదు. ఉగాది ముందు రోజు ఆ గరిడీలో ఒక ఆచారం నడిచేది. ఏడాది పొడుగునా జరిగిన కుస్తీలన్నీ తలుచుకుని, అందరికంటే బాగా పట్టినవాడి తలకు ఎర్ర రుమాలు చుట్టేవాళ్ళు. అందరికంటే నాసిగా పట్టినవాడి చేతికి పార ఇచ్చేవాళ్ళు. మళ్ళీ ఉగాది దాకా గోదా తవ్వడం వాడి పని. రోషమున్నవాడు ఏడు తిరిగేలోగా ఎవణ్ణో ఒకణ్ణి ఓడించి ఆ పారను వాడికి అంటగట్టేవాడు. బయ్యన్న వల్ల కాలేదు. ఎగతాళికి ఇచ్చిన పార పోనుపోను బతుకుదెరువయింది. కళ్ళాల రోజుల్లో రైతులు తలా చేటెడు గింజలు పోసేవాళ్ళు. నవ్వడం మాత్రం ఎవరూ మానలేదు.

ఎర్ర రుమాలు ఏటా కొండప్పదే.

ఇద్దరిదీ ఒకే ఈడు. ఇద్దరూ ఒకే రోజు గరిడీ గడప తొక్కారు. మీసాలు వచ్చే వయసులో వస్తాదు ఓబన్న ఇద్దరికీ జోడు కట్టాడు. ఊరు ఒక్క పయిల్వానునే సాకగలదు, గెలిచినవాడికి ఊరి పాలు అన్నాడు. కొండప్ప బయ్యన్నను నడుం దగ్గర దొరకబుచ్చుకుని వెల్లకిలా వేశాడు. తుమ్మినంతసేపు కూడా పట్టలేదు. ఆ మర్నాటి నుంచి ఇంటింటి వంతు పాలు కొండప్ప గుమ్మానికి నడిచి వెళ్ళాయి. ఊరి పాలు తాగే పయిల్వాను పెళ్ళి చేసుకోరాదని కట్టుబాటు. ఓడినవాడికి ఆ అడ్డు లేదు గనక బయ్యన్నకు చౌడమ్మను ఇచ్చి చేశారు.

పెళ్ళయితే మాత్రం బయ్యన్న కుళ్ళు తగ్గిందా? అది చిన్నాచితకా కుళ్ళు కాదు. వంతు వచ్చిన రోజున చౌడమ్మ తమ మేకపాలు కాచి మీగడతో సహా చెంబులో పోసి ఇచ్చేది. బయ్యన్న దారిలో ఆగి ఆ మీగడను వేలితో తీసి నాకేవాడు. కాసిని నీళ్ళు కలుపుదామని కూడా అనిపించేది, కానీ అంత ధైర్యం లేదు. కొండప్ప మెడను చూసి కుళ్ళుకునేవాడు. ఆ మెడ తల కింద ఎక్కడ మొదలై భుజాల మీద ఎక్కడ ముగిసిందో తెలిసేది కాదు. నలిగి ముద్దయిపోయిన వాడి చెవులను చూసి కూడా కుళ్ళుకునేవాడు. పట్టులో తలకు తల రాసుకుంటే చెవులు అలా నలుగుతాయి. బయ్యన్నను అంతసేపు నిలబడనిచ్చింది ఎవరు? వాడి చెవులు పసిపిల్లాడి చెవుల్లా చెక్కుచెదరకుండా ఉండిపోయాయి. ఒకసారి కొండప్పలా మీసం పెంచాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుందని చౌడమ్మ నవ్వితే ఆ సాయంత్రమే గొరిగించుకున్నాడు.

ఇంత కుళ్ళు కడుపులో పెట్టుకుని, రోజూ పొద్దున్నే లంగోటా బిగించి కొండప్పకు ఎదురు నిలబడేవాడు. పయిల్వాను కసరత్తుకు కిందపడే మనిషొకడు కావాలి కదా. కొండప్ప ఎత్తేవాడు, బయ్యన్న పడేవాడు. లేచి దులుపుకుని మళ్ళీ నిలబడేవాడు.

బాగా పొద్దెక్కాక జనం వచ్చారు. జనమంటే పాతికమంది లేరు. సగం ఊరు తుంగభద్ర కాలువ పనులకు పోయింది. పీటమీద కూర్చున్న ఓబన్న వస్తాదు ఏడాది కుస్తీలను ఒక్కొక్కటే నెమరేశాడు. కరువుతో జాతరలే జరగలేదు. చెప్పుకోదగ్గ కుస్తీ శింగనమలలో కొండప్ప పట్టింది ఒక్కటే. చెడ్డ కుస్తీలకు మాత్రం కరువు లేదు. తిండి చాలక నడి గోదాలో కూలబడినవాళ్ళున్నారు. నీరసంతో ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోయినట్టు నిలబడినవాళ్ళున్నారు. అందరి పేర్లూ విన్నాక ఓబన్న పారను బయ్యన్నకే ఇచ్చాడు. జనం నవ్వారు. ఈ ఏడు నేను పందెం కుస్తీకి దిగనే లేదు గదా, నాసి ఎట్లయినాను అని అడుగుదామనుకున్నాడు బయ్యన్న. అడక్కుండానే పార అందుకున్నాడు.

రుమాలు చుట్టించుకుని కొండప్ప లేచాడు. ఆ మనిషి ఎప్పుడూ పెద్దగా మాట్లాడడు.

"ఇదే ఆఖరప్పా. సాయంత్రం కుస్తీ కంపెనీ లారీ వస్తాది. నేను పోతాండా."

కుస్తీ కంపెనీ అనంతపురంలో గుడారం వేసిందనీ, టిక్కెట్టు పెట్టి ఆడిస్తుందనీ అందరూ విన్నదే. ఓబన్న తల అడ్డంగా ఊపి, "అది కుస్తీ కాదు, నాటకం రా," అన్నాడు.

"గొడ్లన్నీ సంతకు పాయె. మిమ్మల్ని ఇంకా పాలు అడిగేకి నాకు మొగం ల్యా."

బయ్యన్నకు ముందు గుండెలమీది బండ దిగినట్టయింది. పీడ విరగడైందనుకున్నాడు. అంతలోనే గుడారం కళ్ళకు కట్టింది. దీపాల వెలుగు, గోడల మీద బొమ్మ, ఊరూరా తిరిగే లారీ. వీడు ఉంటే ఊరి పాలు, పోతే కంపెనీ కోడికూర! కదలని బతుకు తనదే. మళ్ళీ కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం, ఊరంతా తలుపులు మూసుకున్న వేళ, బయ్యన్న ఒక్కడే గోదా చదును చేస్తుంటే కొండప్ప వచ్చాడు. తలుపు దగ్గరగా వేసి, రుమాలు విప్పి గోడకు తగిలించాడు.

"బయ్యా, ఒక పని ఉండాది. నాకు పడేది నేర్పల్ల."

బయ్యన్నకు అర్థం కాలేదు.

"కంపెనీలో నాకిచ్చింది ఆ పనే. మొగానికి గుడ్డ కట్టుకున్నోడు ఒకడుంటాడంట. వాడు దినామూ నన్ను ఎత్తి పడేస్తాడంట. పెద్ద మనిషి పడితేనే జనం అరుస్తారంట," అని కొండప్ప నేల చూపులు చూశాడు. "నేను ఏపొద్దూ వెల్లకిలా పడినోన్ని కాదు. ఎట్ల పడాల్నో తెల్దు. ఆడ మన్ను గూడా ఉండదంట. చెక్కలంట, పైన పట్టా పరుస్తారంట."

బయ్యన్న పారను పక్కన పెట్టాడు. వెంటనే పంచె ఎగ్గట్టాడు. అది జాలి అని ఎవరైనా అనుకుంటే పొరబాటే. పట్టరాని సంతోషం. కొండప్ప నడుం పట్టుకున్నాడు. ఆ నడుం బయ్యన్న రెండు చేతులకూ చాలలేదు. కాలు అడ్డం పెట్టి తిప్పాడు. ఇన్నేళ్ళూ ఊరు పాలు పోసి పెంచిన ఒళ్ళు గాలిలోకి లేచి, దబ్బున వెల్లకిలా పడింది. కప్పు మీది పావురాలు లేచిపోయాయి. చూసినవాళ్ళు ఆ పావురాలే. ఊరంతా నిలబడి చూడవలసిన పని చేసి, చెప్పుకునే దిక్కులేక బయ్యన్న నిలబడిపోయాడు.

"ఇంకోసారి," అన్నాడు కొండప్ప, మట్టి ఉమ్మేసి.

బయ్యన్న నేర్పాడు. ఒళ్ళు బిగించొద్దన్నాడు. వీపును చేటలా వంచమన్నాడు. నేల తగిలేముందు రెండు చేతులూ చాచి నేలను చరచమన్నాడు. ఊపిరి కడుపులో ఉంచుకోవద్దు, అరిచి వదిలేయమన్నాడు. తనకింత తెలుసునని బయ్యన్నకే అంతవరకు తెలియదు. చెబుతూ చెబుతూ అన్నిటికంటే ముఖ్యమైన దాని దగ్గరకు వచ్చి ఆగాడు. గడ్డం రొమ్ముకు ఆనించాలి. లేకపోతే తల వెనక్కి వాలి నేలకు కొట్టుకుంటుంది. మట్టి మీదయితే తల దిమ్మెక్కి ఊరుకుంటుంది. చెక్కల మీదయితే మనిషే ఉండడు.

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వీడికి రుమాలు ఇచ్చారు, పాలు ఇచ్చారు, ఇప్పుడు లారీ ఇస్తున్నారు. నాదంటూ ఇదొక్కటైనా ఉండనీ అనుకున్నాడు బయ్యన్న.

"అంతేనా?" అన్నాడు కొండప్ప, తల నేలకు కొట్టుకునేలా ఇంకోసారి పడి, ఎప్పటికో లేచి కూర్చుని.

"అంతే."

కొండప్ప వాడి మొహంలోకి కాసేపు చూసి, రుమాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

పొద్దు వాలుతుంటే చౌడమ్మ సంగటి ముద్ద పెట్టి, ఊరిమిండి పచ్చడి వేసింది. బయ్యన్న ముద్దలో గుంత చేసి కూర్చున్నాడు గానీ చెయ్యి నోటిదాకా పోలేదు.

"కొండప్పకు ఏమాయె?" అంది చౌడమ్మ. "ఇందాక వాకిట్లో పోతాంటే చూసినా. తలకాయ ఎనకంతా మన్నే."

బయ్యన్న ముద్దలో గుంతను ఇంకా లోతుగా నొక్కాడు.

"దినామూ నీ వీపు కడిగేది నేనే గదా. వీపుకు మన్ను చూసినా గానీ నీ తల ఎనక ఏపొద్దూ చూడల్యా. ఆయప్పకు ఎట్లంటుకున్యాది?"

రోడ్డు మీద లారీ హారను మోగింది. బయ్యన్న చెయ్యి కూడా కడుక్కోకుండా లేచాడు. వాడి మనసులో ఒక్క క్షణంలో ఎన్నో ఆలోచనలు తిరిగాయి. అన్నిటికంటే గట్టిగా మెదిలింది మాత్రం చెక్కల మీద కొట్టుకునే తల. కొండప్ప చస్తే బాగుండునని బయ్యన్న చాలాసార్లు అనుకున్నాడు. కానీ తన చేతిమీదుగా చావాలని ఎప్పుడూ అనుకోలేదు. పరుగెత్తాడు. పంచె ముళ్ళకు పట్టుకుని చిరిగినా ఆగలేదు.

రోడ్డు మలుపులో లారీ ఆగి ఉంది. దాని పక్కలకు కండలు తిరిగిన మనుషుల బొమ్మలు అంటించి ఉన్నాయి. కంపెనీ మనిషి ఒక జత నల్ల బూట్లు కింద పడేసి, "ఇవి వేసుకొని ఎక్కు, చెప్పులు పనికిరావు," అంటున్నాడు. కొండప్ప రోడ్డు పక్కన కూర్చుని చెప్పులు విడిచి, చాలని బూట్లలోకి పాదాలు దూర్చుకుంటున్నాడు. అంత గాబరాలోనూ బయ్యన్న చూపు ఆ బూట్ల మీద పడింది. పాడు కళ్ళు!

"కొండా... గడ్డం," అన్నాడు రొప్పుతూ. "పడేటప్పుడు గడ్డం రొమ్ముకానిచ్చల్ల. ల్యాకపోతే తల..."

కొండప్ప బూటు తాడు ముడి వేసుకుంటూ, "తెలుసులే," అన్నాడు.

"ఎట్ల తెలుసు?"

"ఇన్నేండ్లు నిన్ను పడేసింది ఎవరప్పా? పడేటప్పుడు నీ మొగం చూసినోన్ని నేనొక్కన్నే. గడ్డం రొమ్ములో దాచుకుంటావు."

"మరి మధ్యాన్నం ఎందుకు అడగలేదు? తల కొట్టుకుంటాంటే గూడా..."

"నువ్వు చెప్తావేమో చూద్దామని."

కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదు. బయ్యన్న సిగ్గుతో తల దించుకున్నాడు. అప్పుడు కనిపించింది, తన కుడిచేతికి ఇంకా సంగటి అంటుకుని ఉంది. కొండప్ప కూడా దాన్నే చూశాడు.

"కూటి మీద నుంచి లేచి వచ్చినావా? పో, పోయి తిను. ఆయమ్మ ఎదురు చూస్తాంటాది," అని లేచి నిలబడ్డాడు. కొత్త బూట్లలో వాడి నడక కుంటినడకలా ఉంది. లారీ చెక్క పట్టుకుని ఆగాడు. "నాకు పాలు పోసినారు, నీకు పెండ్లి చేసినారు. దినామూ వీపు మన్ను నేనే కడుక్కుంటి. చెయ్యి అందలేదప్పా, వీపు నడిమిట్ల."

అంత మాట వాడు పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అని ఉండడు. కొండప్ప కూడా తనను చూసి ఏడ్చాడా? అదీ ఇన్నేళ్ళూ, రోజూ పొద్దున్నే తనను ఎత్తి పడేస్తూ? నమ్మబుద్ధి కాలేదు. నమ్మక తప్పలేదు.

లారీ కదిలింది. వెనకవైపు చెక్కల మధ్య కూర్చున్న కొండప్ప చెయ్యి ఊపలేదు. గడ్డం రొమ్ముకు ఆనించి చూపించి, కొద్దిగా నవ్వాడు. ఎర్రటి దుమ్ము లేచి లారీనీ బొమ్మలనూ కప్పేసింది. హారను ఇంకోసారి వినిపించి ఆగిపోయింది.

ఇంక కుళ్ళుకోవడానికి ఊళ్ళో ఎవరూ లేరు. రేపు పొద్దున్న లంగోటా బిగించి ఎవరికి ఎదురు నిలబడాలో బయ్యన్నకు తెలియలేదు. దుమ్ము అణిగేదాకా అక్కడే ఉన్నాడు.

రోడ్డు పక్కన కొండప్ప విడిచిన చెప్పులు పడి ఉన్నాయి. పాతబడి నల్లబారిన తోలు, ఒక పక్కకే అరిగిన మడమలు, బొటనవేళ్ళ కింద లోతుగా పడిన గుంతలు. ఆ గుంతల్లో చెమట తడి ఇంకా ఆరలేదు.