ఎర్రగుడ్డ లేని మీట

ఏటికి అటొక నగరం, ఇటొక నగరం, మధ్యలో వంతెన. రెండు చోట్లా మాట్లాడేది ఒకటే మాట, పీల్చేది ఒకటే మిల్లు పొగ. బయటివాడెవడైనా వచ్చి "మీ ఏటొడ్డువాళ్ళంతా ఇంతేనయ్యా" అన్నాడంటే రెండు ఊళ్ళూ కలిసి వాడి మీద పడతాయి. వాడటు వెళ్ళగానే వీళ్ళలో వీళ్ళకు మొదలు. అవతలివాళ్ళవి ఉత్త గొప్పలని ఇవతలివాళ్ళు, ఇవతలివాళ్ళు పిల్లికి బిచ్చం పెట్టరని అవతలివాళ్ళు. ఇంత తిట్టుకుంటూనే పిల్లనిచ్చుకునేదీ పుచ్చుకునేదీ మళ్ళీ ఒకళ్ళకొకళ్ళే. ఏం మనుషులో!

ఆ మధ్య రెండు ఊళ్ళ కరెంటు ఆఫీసులనూ కలిపేశారు. ఒకే పేరు, ఒకే బోర్డు, ఒకే నీలం చొక్కా. పెద్దలు దండలు వేసుకున్నారు, ఫొటోలు దిగారు. స్తంభమెక్కేవాడు ఎక్కేముందు ఏం చేస్తాడని మాత్రం ఒక్క మహానుభావుడికీ అడగాలనిపించలేదు.

అదే అడిగి ఉంటే తెలిసేది. అవతలి ఊళ్ళో లైన్‌మన్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు ఆపే మీట కిందికి దించి, దానికి ఎర్రగుడ్డ కట్టి ఎక్కుతాడు. కట్టినవాడు దిగొచ్చి విప్పేదాకా ఆ మీటను ఇంకెవరూ ముట్టరు. ఇవతలి ఊళ్ళో గుడ్డా లేదు, గిడ్డా లేదు. పెట్టెలోని ఫ్యూజులు మూడూ పీకి జేబులో వేసుకుని ఎక్కేస్తాడు. ఫ్యూజు లేని పెట్టె కనబడితే పైన మనిషున్నాడని ఇక్కడి లెక్క. అవతల మాత్రం, ఫ్యూజు లేకపోతే కాలిపోయినదాన్ని ఎవరో తీసేశారని, కొత్తది వెయ్యాలని లెక్క. ఎవరి పద్ధతిలో వాళ్ళు ఏళ్ళ తరబడి క్షేమంగానే ఉన్నారు.

అల్లుడు అవతలి ఊరి లైన్‌మన్. పెళ్ళాంది ఇవతలి ఊరు కాబట్టి ఇక్కడ వీధి వీధంతా అతన్ని అల్లుడనే పిలిచింది, ఆ పేరే నిలిచిపోయింది. అతని బావమరిది చిన్నోడు ఇవతలి ఊళ్ళో లైన్‌మన్. తల్లి పోయాక అక్క ఎత్తుకుని పెంచిన పిల్లాడు. ఇద్దరూ కలిస్తే చాలు, పని గొడవే.

"మా ప్రాణం మా జేబులో ఉంటుంది బావా. మీదేమో గుడ్డపీలికకు వేలాడుతూ ఉంటుంది" అనేవాడు చిన్నోడు.

"జేబుకు చిల్లి పడితే అప్పుడు తెలుస్తుందిరా నీకు" అని అల్లుడు పగలబడి నవ్వేవాడు. అంటే అతనికి తెలుసు. ఒకసారి కాదు, పదిసార్లు విన్న సంగతే.

గాలివాన వచ్చింది. ఇవతలి ఊళ్ళో స్తంభాలు ఎక్కడికక్కడ ఒరిగిపోయాయి. మనది ఇప్పుడొకే సంస్థ కదా అని అవతలి ఊరివాళ్ళను లారీల్లో తీసుకొచ్చి వీధికొకరిని దింపారు. ఎవరు ఏ స్తంభం మీద ఉన్నారో చెప్పే నాథుడు లేడు. ఫోన్లు పనిచెయ్యడం లేదు.

అల్లుడిని దింపిన చోట జనం అతన్ని చుట్టుముట్టారు. ట్యాంకులో నీళ్ళు అయిపోయాయని ఒకరు, మంచంలో ముసలాయన ఉక్కపోతకు అల్లాడుతున్నాడని ఇంకొకరు. "చొక్కాలు మారాయి గానీ చేతులు మారలేదయ్యా, అదే నత్తనడక!" అని ఒకావిడ దెప్పింది. అల్లుడికి ఒళ్ళు మండింది. మా ఊరివాళ్ళు ఎలా పనిచేస్తారో చూపిస్తానుండండి అనుకుంటూ ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కాడు.

పెట్టె తెరిస్తే ఫ్యూజులు లేవు. అతని కళ్ళు వాటంతటవే మీట మీదికి వెళ్ళాయి. గుడ్డ లేదు. గుడ్డ లేకపోతే మనిషి లేనట్టే. ఏళ్ళుగా ఆ చేతులకు తెలిసింది అదొక్కటే. అప్పటికి వెనక సందులో, మేడల చాటున, చిన్నోడు స్తంభం మీద తెగిన తీగ ముడివేస్తున్నాడు.

అల్లుడు మీట దించాడు. సంచిలోంచి కొత్త ఫ్యూజులు తీసి మూడూ బిగించాడు. మీట ఎత్తాడు. ఇళ్ళలో దీపాలు వెలిగాయి, పిల్లలు కేకలు పెట్టారు, దెప్పినావిడే "చల్లగా ఉండు నాయనా" అంది. వెనక సందులోంచి వచ్చిన అరుపు కూడా సంబరమే అనుకున్నాడు అల్లుడు. అది రెండోసారి వినబడగానే గద్దె మీదినుంచి దూకి పరుగెత్తాడు.

మనిషిని కిందికి దించేసరికే అయిపోయింది. జేబులో ఫ్యూజులు ఉన్నాయి.

ఆసుపత్రి వసారాలో రెండు ఊళ్ళవాళ్ళూ చెరో గోడకు చేరారు. పొద్దున ఒకే లారీలో భుజాలు రాసుకుంటూ తిరిగినవాళ్ళే. "మీవాళ్ళే చంపారు" అని వీళ్ళు, "గుడ్డ కట్టకుండా ఎక్కితే ఎవడిది తప్పు?" అని వాళ్ళు. శవం లోపలుండగానే, సిగ్గు లేకుండా! అవతలి ఊరి మేస్త్రీ అల్లుడిని పక్కకు లాగాడు.

"ఇక్కడి పద్ధతి తెలీదని ఒక్క మాట అనరా. మిగతాది మేం చూసుకుంటాం. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు."

ఉద్యోగం సంగతి అల్లుడి తలకెక్కలేదు. వంతెన దాటి అతని భార్య వస్తోంది. ఆమెతో ఏం చెప్పాలి? ఆమె వచ్చేలోపే చచ్చిపోతే బాగుణ్ణనుకున్నాడు.

ఆమె వస్తూనే అతని మీద పడి గుండెలు బాదుకుంది. "ఎవడండీ వాడు? పైన మనిషున్నాడో లేదో చూసుకోడా? వేసిన చెయ్యి పడిపోను! వాడి వంశం నాశనమైపోను!"

ఆ చెయ్యి ఆమె వీపు మీదే ఉంది. తీసేద్దామంటే ఆమె కూలబడేలా ఉంది.

"నేనే" అన్నాడు.

ఆమె ఏడుపు ఆగిపోయింది. అతని మొహంలోకి చూసింది. చొక్కా గుప్పిట పట్టుకుంది.

"తెలీక వేశారు కదండీ? మీ పద్ధతి వేరు కదా, మీకెలా తెలుస్తుంది?" గొంతు దాదాపు బతిమాలుతోంది. "తెలీదని చెప్పండి. నేను నమ్ముతాను."

మేస్త్రీ అటునుంచి తలూపుతున్నాడు, అనెయ్యి అన్నట్టు. ఒక్క ఊఁ అంటే చాలు. ఆమె దక్కుతుంది, ఇల్లు నిలుస్తుంది. అది అల్లుడికీ తెలుసు. కానీ చిన్నోడు ఎన్నిసార్లు చెప్పాడు, ఎంత నవ్వుతూ చెప్పాడు! పోయినవాడు చెప్పనే లేదని ఎలా అంటాడు?

"తెలుసు. వాడే చెప్పాడు. ఆ వేళకు గుర్తు రాలేదు."

ఆమె చొక్కా వదిలేసింది. వెనక్కి తిరిగి రెండు గోడలవైపూ చూసింది. ఇవతలి గోడ దగ్గర చిన్నోడి తోటివాళ్ళ మధ్య చోటు చేసుకుని, కింద కూర్చుంది. అల్లుడు రెండడుగులు అటు వేశాడు.

"రాకండి" అంది. "మీ ఊరు వెళ్ళిపోండి."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ఊరిని ఆమె మన ఊరనే అంది.