నిన్నటి విమానం

డ్రైవరుకి కళ్ళు మూతలు పడుతున్నాయి. తెల్లారకముందు పట్టిన స్టీరింగు మధ్యాహ్నం దాటినా వదల్లేదు. ఊళ్ళోవాళ్ళందరినీ వేళకి దింపే మనిషి, సొంత పెళ్ళాం కోసం ఏనాడూ వేళకి వెళ్ళిన పాపాన పోలేదు. ఆమె విసిగిపోయి వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయింది. ఇవాళ తిరిగొస్తోంది. ఒక్కటే మాట చెప్పింది: "గేటు దగ్గర నువ్వు కనిపిస్తే మనింటికి. లేదంటే చెల్లెలింటికి. మళ్ళీ నన్ను పిలవొద్దు."

అందుకే ముందుగానే వచ్చి, విమానాశ్రయం పార్కింగులో కారు ఆపి ఫోను తీశాడు. చిట్కా మరదలు నేర్పిందే. "బావా, సెర్చ్‌లో విమానం నంబరొక్కటి కొట్టు, ఎక్కడుందో చెప్పేస్తుంది. వాన పడుతుందా, మైలుకి ఎన్ని కిలోమీటర్లు, ఏదైనా అంతే. పొద్దస్తమానం నాకు ఫోన్ చేసి చంపకు."

నంబరు కొట్టాడు. ఎర్రక్షరాలు: రెండు గంటలు ఆలస్యం.

"అమ్మయ్య" అనుకున్నాడు. సీటు వెనక్కి వాల్చాడు. ఒక్క కునుకు, అంతే.

ఫోను మోగింది. మరదలు.

"ఎక్కడ చచ్చావు బావా?"

"ఇక్కడే, పార్కింగులో. విమానం ఇంకా రాలేదుగా!"

"రాకపోవడమేంటి! అక్క బయటికొచ్చి అరగంటైంది. నీకు చెయ్యదట, నాకు చేసింది. టాక్సీ ఎక్కి మా ఇంటికి వచ్చేస్తానంటోంది."

"రెండు గంటలు లేటని చూపించిందే!"

"తారీఖు చూశావా మహానుభావా? ఆ నంబరు విమానం రోజూ వస్తుంది. నువ్వు చూసింది నిన్నటిదేమో!"

చూశాడు. నిన్నటిదే. కారు తలుపు తీసి పరుగందుకున్నాడు. పీక్కుపోతున్న కాళ్ళు మాట వినడం లేదు.

గేటు ముందు టాక్సీ. డిక్కీలో ఆమె పెట్టె ఎక్కేసింది. ఆమె తలుపు మీద చెయ్యి వేసి ఉంది.

'ట్రాఫిక్' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళూ వాడి వాడి అరిగిపోయిన మాట. మింగేశాడు.

"ముందే వచ్చా. నిన్నటి విమానం చూసి, ఇంకా టైముందనుకుని నిద్రపోయా."

ఆమె నమ్మనట్టే చూసింది. తర్వాత అతని చెంప మీద ఎర్రగా పడిన సీటు కుట్ల అచ్చు చూసింది. ఎండిపోయిన పెదాలు చూసింది.

"ఎప్పట్నుంచి నడుపుతున్నావ్?"

"చీకటితో లేచి."

"మనిషివా, యంత్రానివా?" ఆమె గొంతులోనూ అలసటే. టాక్సీవాడి వైపు తిరిగింది. "పెట్టె దించెయ్యండి, ఏమనుకోకండి."

అతను పెట్టె అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"తాళాలిలా ఇవ్వు. నేను నడుపుతా. నువ్వు వెనకాల పడుకో."

"ఎక్కడికి..." పూర్తిగా అడగలేకపోయాడు.

"మనింటికే. దారి నాకు తెలుసులే, నిద్రపో."