ఎడమ పెట్టె

మా బావమరిది ముక్కు విరిగిన రోజున కూడా వాదన ఎప్పటిలాగే పదిన్నరకి మొదలైంది.

షాపు మా ఇద్దరిదీ. స్పీకర్లు, ఆంప్లిఫయర్లు, పాత రికార్డు ప్లేయర్లు బాగుచేస్తాం. లోపలి పని నాది. తీగలు, కాయిల్స్, కాగితపు కోన్లు నేను చూస్తాను. అతను వడ్రంగి. స్పీకరు పెట్టెలు చేస్తాడు. మొదట్లో మా ఇద్దరి బల్లలకీ మధ్య నా భార్య బల్ల ఉండేది. అతనికి సొంత అక్క. కాయిల్స్ చుట్టేది. వెంట్రుకంత రాగితీగని చుట్టు మీద చుట్టు వేసుకుంటూ పోయేది, లెక్క తప్పేది కాదు. చుట్టడం అయ్యాక కొస ఊడకుండా ఎర్ర లక్క చుక్క పెట్టేది. ఆవిడ పోయి పద్నాలుగు నెలలు. కడుపులో గడ్డ. ఆ బల్ల మీద ఇప్పుడు దుమ్ము, నా టీ గ్లాసు ఉంటాయి.

మా వాదన ముప్ఫై ఏళ్ళుగా ఒకటే. నలుగురు గొప్పా, ఐదుగురు గొప్పా. రెండూ మా చిన్నప్పటి ఇంగ్లీషు బ్యాండ్లు. పేర్లు చెప్పను. చెబితే వినేవాడు కూడా ఏదో ఒక పక్క చేరతాడు, ఇక కథ వినడు. నావాళ్ళు నలుగురు. ఏడేళ్ళు వాయించారు, ఏడు రికార్డులు వేశారు, ఆపేశారు. అతని వాళ్ళు ఐదుగురు. వాళ్ళు ఇంకా ఆపలేదు.

దీనికి షాపులో ఒక పద్ధతి ఉండేది. బాగుచేసిన ప్రతి పెట్టెనీ రెండు పాటలు వేసి పరీక్షిస్తాం. ఒకటి నలుగురిది, ఒకటి ఐదుగురిది. పెట్టె తీసుకెళ్ళే మనిషి ఏది నచ్చిందో చెప్పి, వడ్రంగి పెన్సిల్‌తో తలుపు లోపలి వైపు ఒక గీత గీసి వెళ్ళాలి. తలుపు రెండు రెక్కలది. బావమరిది చేసిందే. ఎడమ రెక్క నలుగురికి, కుడి రెక్క ఐదుగురికి.

కుడి రెక్క మీద ఒక్క గీత మాత్రం పెన్సిల్‌ది కాదు. ఎర్ర లక్కతో గీసింది. అది నా భార్యది.

ఆ రోజు పక్క సెలూన్ అతను తన రేడియో కోసం వచ్చాడు. ఇద్దరి మధ్య అగ్గి రాజేసి చలి కాచుకునే మనిషి. తలుపు ముందు నిలబడి వేలితో గీతలు లెక్కపెట్టాడు. అతనికి ఆ పూట బేరం లేనట్టుంది, మొత్తం లెక్కపెట్టాడు.

"నలుగురికి నూట ఎనభై ఆరు. ఐదుగురికి నూట ఎనభై ఏడు. అయ్య బాబోయ్, ఒక్క గీత తేడా! మీ ఇద్దరూ పోయేలోపు తేలేటట్టు లేదే!"

"ఎప్పుడో తేలింది," అన్నాడు బావమరిది చిత్రిక పడుతూ. "ఆ ఒక్కటీ అక్కదే. చూడు, ఎర్రగా ఉంది."

"అది ఓటు కాదు," అన్నాను.

"ఓటు కాక బొట్టా బావా? అసలు నీ నలుగురికి ఓటు ఎందుకెయ్యాలి? ఏడేళ్ళకే దుకాణం కట్టేశారు. కాపురం చెయ్యలేక తలో దారీ పట్టిన బాపతు."

"నీవాళ్ళు పాటగాణ్ణి మూడుసార్లు మార్చారు. చొక్కాకి గుండీలు మార్చినట్టు."

"గుండీలు మారినా చొక్కా వంటి మీదుంది కదా. నీవాళ్ళకి గోచీ కూడా మిగల్లేదు."

సెలూన్ అతను పడీ పడీ నవ్వాడు. నాకు ఆ నవ్వు గుర్తుంది. ఇరవై రెండేళ్ళ కిందట కూడా అదే నవ్వు నవ్వాడు.

అప్పుడొక సాయంత్రం షాపు నిండా జనం ఉన్నారు. నేను నలుగురి పాట వేసి, గిటారు ఎలా నడుస్తుందో వాళ్ళకి చెబుతున్నాను. నా భార్య కాయిల్ చుడుతూ తలెత్తకుండా, "మా ఆయన చెప్పే నలుగురూ నాలుగు రేకు డబ్బాలండీ, మెట్ల మీంచి దొర్లించారు," అంది. అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా సెలూన్ అతను నవ్వాడు.

ఇంటికెళ్ళాక చెప్పులు విప్పకముందే కొట్టాను. కుడిచెయ్యి, అరచెయ్యి మొత్తం. ఎడమ చెంపా చెవీ కలిపి తగిలింది. గోడకి తగిలి కూర్చుండిపోయింది. ఏడవలేదు. కాసేపటికి లేచి వంట చేసింది. ఒక్కసారే కొట్టాను. ఒక్కసారి కొట్టినవాణ్ణి ఎవరూ పెళ్ళాన్ని కొట్టే మనిషి అనరని అప్పట్లో నా ధైర్యం.

మరుసటి వారం ఆవిడ తన బల్లని గోడవారకి జరుపుకుంది. ఎడమవైపు గోడ, కుడివైపు మేం. వెలుతురు కోసమేమో అనుకున్నాను.

రెండు నెలలయ్యాక ఆవిణ్ణి ఒప్పించాలనిపించింది. పరీక్షకి వాడే హెడ్‌ఫోన్ తలకి పెట్టి నలుగురి పాటల్లోకెల్లా గొప్పది వేశాను. ఆ కాలపు రికార్డుల్లో వాయిద్యాలని విడదీసి పెట్టేవాళ్ళు. డ్రమ్ములు, గొంతు కుడివైపు పెట్టెలో. గిటారు మొత్తం ఎడమవైపు పెట్టెలో. ఆ పాటకి గిటారే ప్రాణం. పాట అయ్యేదాకా ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాను.

"గిటారు ఎక్కడుందండీ?" అంది.

"పాట నిండా అదే కదా!"

"నాకు డప్పు వినపడింది. అతను అరవడం వినపడింది. అంతే."

హెడ్‌ఫోన్ లాక్కుని నా చెవులకి పెట్టుకున్నాను. గిటారు ఎడమ చెవిలో గణగణా మోగుతోంది. అయినా విప్పాను. ఎడమవైపు తీగ చూశాను, అతుకు చూశాను, లోపలి కాయిల్ చూశాను. ఆవిడ చుట్టిందే. దేన్లోనూ తప్పు లేదు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే మాట అంది. ఆ తర్వాత ఐదుగురిది వేసింది. అది వాళ్ళ మరీ పాత రికార్డు. ఎడమా కుడీ తేడా లేకుండా అన్నీ రెండువైపులా ఒకేలా మోగుతాయి. కళ్ళు మూసుకుని చివరిదాకా వింది. లేచి లక్క పుల్ల తీసుకుని కుడి రెక్క మీద గీత గీసింది.

కొట్టినందుకు కక్ష తీర్చుకుందనుకున్నాను. ఇరవై రెండేళ్ళు అలాగే అనుకున్నాను. కాపురం చేశాం, పక్కపక్కనే పనిచేశాం. ఆసుపత్రిలో ఆఖరి వారం ఆవిడ మంచం పక్కనే కూర్చున్నాను. అప్పుడు కూడా ఆ గీత నా మనసులో ముల్లులాగే ఉంది. అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఆ రోజు షాపులో, సెలూన్ అతను ఇంకా నవ్వుతూండగానే, బావమరిది బల్ల మీది ఉలి తీశాను. వడ్రంగి ఉలిని అడక్కుండా ముట్టుకోకూడదని నాకు తెలుసు. తలుపు దగ్గరికెళ్ళి ఎర్రగీత పక్కన ఉలి ఆనించి అదిమాను. లక్క చెక్కలోకి ఇంకిపోయింది. గీత లేవలేదు, చెక్క లేచింది.

"బావా! దాని జోలికి పోకు."

"కక్షతో వేసిన ఓటు చెల్లదు."

"ఉలి కింద పెట్టు."

మళ్ళీ అదిమాను. అతను వెనకనుంచి నా మెడ పట్టుకుని లాగాడు. ఉలి జారి నా ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది. నెత్తురు తలుపు మీద పడింది. ఆ క్షణాన ఎర్రగీత ఏదో నెత్తురేదో తెలియలేదు. వెనక్కి మోచేత్తో పొడిచాను. అతని పక్కటెముకల్లో తగిలింది. హుమ్మని వంగి, వంగినవాడు అలాగే కొయ్యసుత్తి అందుకున్నాడు. నా కుడిచేతి వేళ్ళ కణుపుల మీద ఒక్కటేశాడు. రెండు వేళ్ళు విరిగిన చప్పుడు నాకే వినపడింది.

"ఒరేయ్ నాయనా, వదలండి! ముసలాళ్ళయ్యుండి ఇదేం పోయేకాలం!" అని సెలూన్ అతను మధ్యలోకొచ్చాడు. తోసేశాను. రేడియోతో సహా పెట్టెల మీద పడ్డాడు. పెట్టెలు కూలాయి. ఎడమచేతికి సోల్డరింగ్ ఐరన్ దొరికింది. పొద్దుటినుంచీ కాలుతూనే ఉంది. బావమరిది ముంజేతి మీద పెట్టాను. ఒత్తి పట్టుకున్నాను. వెంట్రుకలు కాలిన కంపు వచ్చింది. అతను అరుస్తూనే తలతో నా నోటి మీద గుద్దాడు. ముందు పన్ను ఊడి నాలుక మీద పడింది. ఇద్దరం రంపపు పొట్టులో పడి దొర్లాం. అతనికి యాభై ఎనిమిది, నాకు అరవై నాలుగు. కుర్రాళ్ళయితే ఆపాటికి ఆగేవాళ్ళు.

చివరికి అతను నా గుండెల మీద ఎక్కి కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ కింద తొక్కిపట్టాడు. కొట్టలేదు. రొప్పుతున్నాడు.

"కక్ష కాదు బావా. అక్కకి ఎడమ చెవి వినపడదు."

"ఏం వాగుతున్నావ్?"

"నువ్వు కొట్టిన మర్నాడు చెవిలోంచి నెత్తురొస్తే నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. లోపల నరం పోయిందన్నాడు. ఇంక రాదన్నాడు. నువ్వు హెడ్‌ఫోన్ పెట్టి ఏం వినిపించావో గాని, అక్కకి వినపడింది సగమే. మావాళ్ళ పాట ఒంటిచెవికి కూడా పూర్తిగా వినపడింది. అందుకే గీసింది. ఉన్నమాటే గీసింది."

ఊడిన పన్ను పక్కకి ఉమ్మాను. నోటినిండా నెత్తురుంది.

"నీకు చెబుతానన్నాను. ఒట్టు పెట్టించుకుంది. 'ఆయనకి చెప్పకురా, బాగుచేస్తానంటాడు' అంది. అని నవ్వింది."

అతను నా మీదనుంచి లేచాడు. నన్ను లేపడానికి చెయ్యి చాచాడు. కాలిన చెయ్యే.

అప్పుడు ఏ మనిషైనా చెయ్యగలిగిన పనులు కొన్నుంటాయి. నేను వాటిలో ఏదీ చెయ్యలేదు. ఆ చెయ్యి పట్టుకుని లేచి, పక్కన పడున్న స్పీకరు అయస్కాంతం తీసి అతని మొహం మీద కొట్టాను. ముక్కు విరిగింది అప్పుడు. గొడవలో కాదు. గొడవ అయిపోయాక, నిజం చెప్పినందుకు.

సెలూన్ అతను బావమరిదిని భుజానికి ఆనించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. గడప దాటుతూ నావైపు తిరిగి, "నిన్ను మనిషిగా పుట్టించిందెవరయ్యా?" అన్నాడు. మళ్ళీ నా షాపులో అడుగుపెట్టలేదు.

నేను షాపులోనే ఉండిపోయాను. విరిగిన వేళ్ళకి గుడ్డ చుట్టుకుని పరీక్ష హెడ్‌ఫోన్ తీశాను. ఎడమవైపు తీగ కత్తిరించాను. నలుగురి పాట వేశాను. డప్పు. ఒకడు అరవడం. మధ్యమధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు. రేకు డబ్బాలు మెట్ల మీంచి దొర్లినట్టే ఉంది. కొట్టక ముందే, రెండు చెవులతో వినే ఆ మాట అన్నదని అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడకి ఆ పాట ఎప్పుడూ నచ్చలేదు. ఆ తర్వాత ఐదుగురిది వేశాను. మొత్తం వినపడింది. ఏమీ తగ్గలేదు.

హెడ్‌ఫోన్‌ని, ఆంప్లిఫయరుని విప్పి తప్పు వెతికిన మనిషిని నేను. మనిషి బల్ల జరుపుకుంటే వెలుతురు కోసమనుకున్నాను. పిలిస్తే రెండోసారికి పలికితే పొగరనుకున్నాను. మంచం మీద ఎప్పుడూ ఎడమ పక్కకి తిరిగి, వినే చెవి పైకి పెట్టుకుని పడుకునేది. నాకు వీపు పెట్టడానికే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బావమరిది వచ్చాడు. మొహం మధ్యలో పట్టీ, కళ్ళ కింద నలుపు, ముంజేతికి కట్టు. ఒక బండి తెచ్చుకున్నాడు. స్క్రూడ్రైవర్ తీసి కుడి రెక్క బందుల స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు. ఒక్క చేత్తో విప్పుతున్నాడు. సాయం పడదామని లేచాను. చూసిన చూపుకి కూర్చుండిపోయాను.

"ఐదుగురే గొప్ప," అన్నాను. పన్ను లేని నోట్లోంచి మాట గాలిలా వచ్చింది.

అతను స్క్రూ జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడా మాట ఎవరికి కావాలి బావా?"

"నేను ఒప్పుకుంటున్నాను కదా."

"నీ దగ్గరే ఉంచుకో."

రెక్కని వీపు మీద ఎత్తుకుని బండిలో పెట్టాడు. ఎర్రగీత పైకి కనపడేలా పెట్టాడు. ఉలి దిగిన చోట చెక్క తెల్లగా లేచి ఉంది, నా నెత్తురు ఎండి నల్లబడింది. గీతకి ఏమీ కాలేదు. తర్వాత వచ్చి తన ఉలులు, చిత్రిక, కొయ్యసుత్తి గుడ్డలో మూట కట్టుకున్నాడు. అక్క బల్ల మీది నా గ్లాసు తీసి నేల మీద పెట్టి, బల్ల కూడా తీసుకెళ్ళాడు.

"రెండో రెక్కో?" అన్నాను.

"అది నీది," అన్నాడు.

షాపు ఇప్పటికీ నడుపుతున్నాను. రెండు వేళ్ళు వంగవు, కాయిల్స్ బయట చుట్టించుకుంటాను. పరీక్షకి ఏ పాటా వెయ్యను. పెట్టె మోగుతోందా లేదా, అంతే. ఎడమ రెక్క మీద నూట ఎనభై ఆరు పెన్సిల్ గీతలున్నాయి. గాలి వేసినప్పుడు అది కొట్టుకుంటుంది. గడియ వెయ్యడానికి రెండో రెక్క లేదు.