మసి అంటిన చెయ్యి

మసిగుడ్డతో పోలీసాయన అరచెయ్యి నల్లగా రుద్ది, "ఇప్పుడు పట్టుకోండి, గట్టిగా," అన్నాడు పిడిపనివాడు.

"జాతకం చెప్పేవాడు కూడా నా చెయ్యి ఇంతసేపు పట్టుకోలేదయ్యా."

"మీకు జాతకం చెప్పలేడు లెండి. ఎంతమందిని కొట్టారో ఏమో, గీతలన్నీ అరిగిపోయాయి."

పోలీసాయన పడీపడీ నవ్వాడు. పిడిపనివాడు నవ్వలేదు. రివాల్వరుకు రెండు పక్కలా బిగించిన కొత్త చెక్కల మీద మసి ఎక్కడ అంటిందా అని చూసుకుంటున్నాడు. బాగా అంటిన చోట చెక్క చేతిని ఒత్తుతున్నట్టు. అక్కడ ఆకురాయితో రవంత తియ్యాలి. మళ్లీ మసి, మళ్లీ పట్టు, మళ్లీ ఆకురాయి. పట్టుకున్న సంగతే చెయ్యి మరిచిపోయేదాకా అదే పని. తుపాకుల మరమ్మతు షాపులో ఒక వెనకగది, ఒక్క కిటికీ, ముక్కునిండా చెక్కపొడి. ఆ మనిషి బతుకంతా అందులోనే అరిగింది. ముఖాలు గుర్తుండవు గానీ చెయ్యి చూపిస్తే చాలు, ఫలానా రివాల్వరు అని చెప్పేసేవాడు.

ఆ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళుతూ జేబులో ఒక పిడి వేసుకున్నాడు. భార్యకు కీళ్లు వాచి, కూరలు తరిగే కత్తి పట్టు చిక్కడం లేదు. "లోకంలో ఉన్న చేతులన్నిటికీ చేస్తారు, నాకొకటి లావుగా చేసిపెట్టకూడదూ," అని ఎన్నాళ్లుగానో అడుగుతోంది. రేపు, రేపు అంటూ చివరికెలాగో చేశాడు. మసి పెట్టలేదు. పెళ్లాం చేతికి కొలతేమిటి, నాకు తెలియనిదా అనుకున్నాడు మహానుభావుడు.

పాత పిడి ఊడగొట్టి కొత్తది బిగించి ఇచ్చాడు. ఆమె అందుకుంది. వేళ్ల కోసం తీసిన గుంటల్లో ఒక్కదాంట్లోనూ వేలు కూర్చోలేదు.

"నాది ఎడంచెయ్యండీ," అంది.

"ఎప్పట్నుంచి?"

"పుట్టినప్పట్నుంచి."

వడ్డించేది కుడిచేత్తోనే. అత్తగారు మొట్టి మొట్టి నేర్పింది మరి. వంటింట్లో ఒక్కత్తే ఉన్నప్పుడు తరిగేది మాత్రం ఎడమచేత్తో. అక్కడికి ఆయన ఏనాడు తొంగిచూశాడు గనక.

"సాయంత్రం మసి పెట్టి చేస్తాలే," అన్నాడు తలెత్తకుండా.

"పోలీసాయన చెయ్యి అయ్యాకేగా."

ఆ మాటలో కోపం కూడా లేదు. ఆయన సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

సాయంత్రం మంచి చెక్కముక్క ఏరుకుని వచ్చేసరికి, ఆమె వంటింటి గోడకు జారగిలబడి ఉంది. ఒళ్లో సగం తరిగిన వంకాయలు. కత్తి కుడిచేతిలో ఉంది. పిడికి తగ్గట్టు చెయ్యే మార్చుకుందామని చూసినట్టుంది పిచ్చిది. నిద్రపోతోందనుకుని పిలిచాడు. చెయ్యి పట్టుకున్నాక తెలిసింది.

ఇరుగుపొరుగును పిలవకముందే ఆమె ఎడమ అరచేతికి మసి రాసి, వేళ్లు ముడిచి, చెక్కకు ఒత్తాడు. స్నానం చేయించడానికి వచ్చిన ఆడవాళ్లు ఆ చెయ్యి చూసి, "పోయేరోజు కూడా మసిగిన్నలే తోముకుంది, పాపం," అన్నారు.

వచ్చినవాళ్లంతా వెళ్లాక ఆ పిడి పూర్తిచేసి కత్తికి బిగించాడు. కర్మలకని వచ్చి వంటకు ఉండిపోయిన కోడలు దాన్ని కుడిచేత్తో పట్టుకుని, "ఇదేంటి మామయ్యా, ఇంత వంకరగా ఉంది," అని పక్కన పెట్టేసింది.

ఇప్పటికీ అది వంటింటి అరలో అలాగే ఉంది. ఎడమచేతి వేళ్లకు తీసిన గుంటలు, అరచెయ్యి ఆనేచోట ఆకురాయి తగలనివ్వకుండా వదిలేసిన కాస్త నల్లటి మసి.