అడగకుండా తెంపిన కొమ్మ

వీబ్రన్ నిజాయితీ గురించి హోర్న్ ఊళ్ళో వాళ్ళ వీధంతటికీ తెలుసు. తెలియనివాళ్ళకి ఆయనే చెప్పేవాడు. దారిలో ఎవరిదో ఊలు చేతితొడుగు ఒక్కటి దొరికితే, దాని సొంతదారు కోసం ప్రతి తలుపూ తట్టే మనిషి. అలాంటి పెద్దమనిషి ఇప్పుడు ఓ మొక్కను చంపి కూర్చున్నాడు.

చంపింది మామూలు మొక్కనా? భార్య హిల్యే ప్రాణంగా చూసుకునే జేడ్ మొక్క. బొద్దు ఆకులు, మణికట్టంత కాండం, ఏళ్ళ తరబడి వీధివైపు కిటికీలో దానిదే రాజ్యం. వాళ్ళమ్మ ఇచ్చిందని హిల్యే వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. మోకాలి ఆపరేషన్ అయిన చెల్లెలికి సాయంగా వెళ్తూ, "దాని జోలికి మాత్రం వెళ్ళకు" అని ఒకే మాట చెప్పింది. ఈయన ఊరుకుంటాడా? పాపం దాహమేస్తుందేమోనని పొద్దునా సాయంత్రం నీళ్ళు పోశాడు. ఆకులు పసుపెక్కి రాలుతుంటే, చాల్లేదేమోనని ఇంకా పోశాడు. చివరికి కాండం ముట్టుకుంటే మగ్గిన అరటిపండులా చేతికి వచ్చింది.

మిగిలిన పచ్చటి కొమ్మలు తెంపి, అప్పటికప్పుడే తడిమట్టిలో గుచ్చి, వాటికీ నీళ్ళు పోశాడు. అవీ కుళ్ళాయి. నెల తిరిగేసరికి హిల్యే వచ్చేస్తుంది. ఆవిడకి ముఖం ఎలా చూపించాలో వీబ్రన్‌కి తెలియలేదు.

పక్కింటి ముసలావిడ ట్రూస్ కిటికీలో అచ్చం అలాంటి మొక్కే ఉంది. వెళ్ళి, టోపీ తీసి, ఒక్క కొమ్మ ఇమ్మని అడిగాడు.

"అడిగి పట్టుకెళ్తే బతకదు నాయనా," అంది ట్రూస్. "దొంగచాటుగా తెంపుకెళ్తేనే వేళ్ళు పోసుకుంటుంది. మా అమ్మమ్మ నాటినుంచీ ఇదే పద్ధతి. నేను అటు తిరుగుతా, నీ పని కానివ్వు."

"నేనా? దొంగతనమా?"

"అయితే మీ ఆవిడకి ఖాళీ కుండీ చూపించుకో."

ఆవిడ కాఫీ పెట్టే వంకతో అటు తిరిగింది. వీబ్రన్ చెయ్యి చాచాడు, వెనక్కి లాక్కున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"ట్రూస్ గారూ, ఇప్పుడు తెంపొచ్చాండీ?"

"అడిగేశావుగా. మళ్ళీ మొదటికొచ్చింది."

ఇంకోసారి ఆవిడ అటు తిరిగితే, "ఈ కొమ్మా, ఆ కొమ్మా?" అన్నాడు. ట్రూస్ నెత్తి కొట్టుకుని వంటగదిలోకి పోయి తలుపేసుకుంది. అప్పుడు చటుక్కున తెంపి, కోటు జేబులో కుక్కుకుని, కాఫీ కూడా తాగకుండా ఇంటికి పరుగెత్తాడు.

సిగ్గుతో ఆ జేబులో చెయ్యి పెట్టలేకపోయాడు. కోటు వారం పైగా కొక్కేనికే వేలాడింది. ఎట్టకేలకు తీసి చూస్తే, తెంపినచోట పుండు మాని చెక్కు కట్టినట్టు గట్టిపడి ఉంది. చచ్చిందనే అనుకున్నాడు. చచ్చినదానికి నీళ్ళెందుకని పొడి ఇసుకమట్టిలో గుచ్చి, అటు చూడడమే మానేశాడు. తెంపినచోటు ఆరడం, పొడిమట్టి, దానికి కావలసింది సరిగ్గా అవే. చెల్లెలి మోకాలు మొరాయించి హిల్యే ప్రయాణం ఆలస్యమైంది. ఆవిడ వచ్చేనాటికి కొమ్మ వేళ్ళు పోసుకుని చిగురేసింది.

హిల్యే కోటైనా విప్పకుండా కిటికీ దగ్గరికి వెళ్ళింది. వీబ్రన్ ఆవిడ వెనకే వెళ్ళాడు.

"మీ అమ్మ ఇచ్చిన మొక్కని నేనే చంపేశాను. ఇది ట్రూస్ ఇంట్లో దొంగిలించాను," అన్నాడు.

హిల్యే కుండీని అటూ ఇటూ తిప్పి చూసింది. "మా అమ్మ ఇచ్చింది పెళ్ళైన మొదటి చలికాలమే నా చేతుల్లో పోయింది. నువ్వు చంపిందీ ట్రూస్ ఇంట్లో ఎత్తుకొచ్చిందే."

"మరి ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేం?"

"చెబితే ఏం చేసేవాడివి? కుండీ చంకనేసుకెళ్ళి తిరిగిచ్చేసి, నా తరఫున క్షమాపణ కూడా చెప్పి వచ్చేవాడివి. నీకు నిజం చెప్పి బతకడం కష్టం, వీబ్రన్."

వీబ్రన్‌కి ఇంకా ఏమేం చెప్పకుండా దాచుకుందో అడగాలనిపించింది. చెబితే తను ఊరుకోలేడని తనకీ తెలుసు. అడగకుండానే కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. హిల్యే కోటు విప్పి కాఫీ పెట్టడానికి వెళ్ళింది.